అవ్వ పేరు మీద కేసు లేదు

(నిజామాబాద్ జిల్లాలోని ఒక పల్లెలో బీడీ కార్మికురాలి మొదటి వర్ధంతి నాడు ఇంటి ముందర జరిగిన సంస్మరణ సభలో, ఆమె కొడుకులు, బిడ్డలు, మనుమలు, మనుమరాండ్ల తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ఈ సభ పెట్టాలని మేం అనుకున్నప్పుడు ఊర్లె ఒక పెద్దమనిషి మమ్ములను అడిగిండు. “మీ అవ్వ మంచిదే, కాదనం. కని వర్ధంతి సభ, మైకు, ఫ్లెక్సీ ఎందుకు? ఆమె ఏమన్న లీడరా? ఉద్యమంల ఆమె మీద ఒక్క కేసన్న ఉన్నదా?” అన్నడు. ఆయన కోపంతోని అనలేదు. తెలుసుకుందామనే అడిగిండు. ఆ మాట మీద మేం రెండు రోజులు ఆలోచన చేసినం. ఇయ్యాల మైకు ముందుకు వచ్చింది ఆ ప్రశ్నకు జవాబు చెప్పేతందుకే.

ఆ ప్రశ్న మాకు కొత్తది కాదు. 2023 డిసెంబర్ ఆఖరుల ప్రజాపాలన దరఖాస్తులు ఊరూరికి వచ్చినయి. 28 నాడు మొదలుపెట్టి 2024 జనవరి 6 దాక తీసుకున్నరు. మా ఇంట్ల కూడ ఒక కాగితం తెచ్చినం. మనుమరాలు అరుగు మీద కూసోని నింపుతున్నది. అవ్వ పక్కనే మంచంల ఒరిగి ఉన్నది. ఇండ్ల సంగతి కాడికి వచ్చేసరికి అండ్ల తెలంగాణ ఉద్యమకారులకని ఒక గడి ఉన్నది. ఎఫ్‌ఐఆర్ నంబరు రాయాలె, జైలుకు పోయి ఉంటే జైలు పేరు రాయాలె. పిల్ల అది సదివి, “నాయనమ్మా, నీ మీద ఏమన్న కేసున్నదా?” అని నవ్వింది. అవ్వ కూడ నవ్వింది. “నా మీద కేసెవలు పెడ్తరే? పోలీసోళ్లు వచ్చినప్పుడల్ల నేను పొయ్యికాడనే ఉంటి గద” అన్నది. పిల్ల ఆ గడిల అడ్డం గీత కొట్టి కింది గడికి పోయింది.

అదే యేడు చలికాలం మొదలైతుండంగ అవ్వ పోయింది. దినాలు చేసుకున్నం, ఏడ్సుకున్నం. కని ఆ అడ్డం గీత మాత్రం మా మనసుల నుంచి పోలేదు. పొయ్యికాడ ఉన్న మనిషి ఉద్యమంల ఉన్నట్టా, లేనట్టా? ఇయ్యాల మేం మాట్లాడేది గింతే. ఆ గడిల ఏం రాయాల్సి ఉండెనో చెప్తం. ఇనుండ్రి.

అవ్వ ఎప్పుడు పుట్టిందో ఆమెకే తెల్వదు. పోలీసు యాక్షన్ జరిగిన యేడు, అంటే 1948ల, నడిచే పిల్లనట. వాళ్ల అవ్వ చంకల ఎత్తుకొని చెలకలకు ఉరికిందట. గా లెక్కన పోయేనాటికి డెబ్బై ఎనిమిదేండ్లు ఉంటయి. బడి మొఖం సూడలేదు. పదమూడేండ్లకో పద్నాలుగేండ్లకో ఈ ఇంటికి కోడలుగ వచ్చింది. అప్పుడు మాకు రెండెకరాల చెలక, ఒక బాయి ఉండె. వాన పడ్డ యేడు జొన్నలు, మక్కలు. వాన లేని యేడు కైకిలి. 1963ల పోచంపాడు కాడ నెహ్రూ పునాదిరాయి వేసిండని, ఇగ మన పొలాలకు నీళ్లొస్తయని మా తాత సంబురపడ్డడట. కాలువ నీళ్లు ఇంకో దిక్కు పోయినయి. మా చెలక చెలకలెక్కనే ఉన్నది. బాయిల నీళ్లు అడుక్కు పోయినయి.

ఇంట్ల కాలువ పారింది అవ్వ చేతుల నుంచే. అత్త దగ్గర బీడీలు చేసుడు నేర్చుకున్నది. ఈ జిల్లాల బీడీ చేయని ఇల్లు దొరకుడు కష్టం. కని ఆ పని ఎట్లుంటదో ఈ కాలం పిల్లలకు తెల్వదు గనుక చెప్తం. కార్ఖానా కాడ వెయ్యి బీడీలకు ఇంత అని తూకం వేసి తునికాకు, తంబాకు, దారం ఇస్తరు. రాత్రి ఆకును నీళ్లు చల్లి గోనెసంచిల చుట్టి పెట్టాలె. పొద్దున మెత్తబడ్డ ఆకు మీద రేకు పెట్టి కత్తెరతోని కత్తిరించాలె. చాట ఒళ్లె పెట్టుకొని, ఆకుల తంబాకు పోసి, వేళ్లతోని చుట్టి, దారం కట్టి, మూతి మలవాలె. ఇరవై ఐదు బీడీలైతే ఒక కట్ట. నలభై కట్టలైతే వెయ్యి. పొద్దుగూకినంక కార్ఖానాకు తీసుకపోతే ఇయ్యి బాగలేవు, అయి సన్నగున్నయి అని కొన్ని పక్కకు తీసేస్తరు. పక్కకు తీసినయి మనకియ్యరు, పైసలూ ఇయ్యరు. ఆకు చెడ్డదొస్తే మన పైసలు పెట్టి బజార్ల మంచి ఆకు కొని లెక్క పూర్తి చేయాలె.

అవ్వ రోజుకు వెయ్యి చేసేది. పొద్దుగాల లేసి వాకిలి ఊడ్చి, గటుక వండి, మాకు పెట్టి, చాట ముందట పెట్టుకునేది. పొద్దు మీదికి వచ్చేదాక కత్తిరించుడు, పొద్దుగూకేదాక చుట్టుడు. తక్కువపడ్డ నాడు రాత్రి కందిలి ముందట కూసునేది. మా పెద్దన్న ఒకసారి లెక్క కట్టిండు. యేడాదికి మున్నూరు రోజులు పట్టుకున్నా మూడు లక్షల బీడీలు. నలభై యేండ్లకు కోటీ ఇరవై లక్షలు. ఆ లెక్క చెప్తే అవ్వ నమ్మలేదు. “గన్ని జేసిన్నా? మరి గా పైసలేడ పోయినయి?” అని మమ్ములనే అడిగింది. మేం నలుగురం ఒకల మొఖం ఒకలం సూసుకున్నం. ఆ పైసలు మేమే గద.

మా నాయిన 1981ల జరమొచ్చి పోయిండు. పెద్దన్నకు పదహారేండ్లు, చిన్న చెల్లెకు రెండేండ్లు. పదో దినం కాంగనే అవ్వ చాట ముందట పెట్టుకున్నది. సుట్టాలు తప్పు పట్టిండ్రు. “సచ్చినోడు లేసిరాడు. బతికినోళ్లకు ఆకలైతది” అని ఒక్కటే మాట అన్నది. ఈ మాట మల్ల ఇరవై తొమ్మిదేండ్లకు ఆమె నోట ఇన్నం. దాని సంగతి తర్వాత చెప్తం.

ఆమె చేతులు మీ అందరికీ యాదికి ఉంటయి. వేలికొసలు నల్లగ, గట్టిగ ఉండేటివి. చిన్న చెల్లెకు బువ్వ కలిపి తినిపిస్తే చేదు అని ఉమ్మేసేది. అవ్వ బూడిది పెట్టి రాకేది, చింతపండు పెట్టి రాకేది. తంబాకు చేదు పోకపోయేది. కడకు మా పెద్దక్కనే చెల్లెకు తినిపించేది. అవ్వ దూరం కూసోని సూసేది. మనుమలు, మనుమరాండ్లు పుట్టినంక స్పూనుతోని తినిపించుడు నేర్చుకున్నది. సొంత పిల్లలకు చేతితోని ముద్ద పెట్టలేని తల్లులు ఈ ఊర్లె ఎంతమందో, ఇక్కడ కూసున్న పెద్దమ్మలకు తెలుసు.

సభ పెట్టి మంచి మాటలే చెప్పి పోతే అది అవ్వకు నచ్చదు. ఒక తప్పు కూడ చెప్పాలె. నాయిన పోయినంక మా పెద్దక్కను ఏడో తరగతిల బడి మాన్పించింది. పెద్దన్నను మానిపించలేదు, అక్కనే మానిపించింది. ఇద్దరి చేతులు కలిస్తె వెయ్యికి రెండు వేలు అయితయి. ఆ రోజులల్ల పిల్లను సూడవచ్చినోళ్లు అడిగే మొదటి మాట, పిల్ల బీడీలు చేస్తదా, రోజుకు ఎన్ని చేస్తది అని. అక్క చదువు మీద మేం ముగ్గురం చదువుకున్నం. ఇది అవ్వ మరువలేదు. ముసలితనంల, అక్క మనుమరాలిని బడికి తోలుతుంటే సూసి, “నీకు బాకీ ఉన్న బిడ్డా” అన్నది. అక్క ఏమనలేదు. అవ్వ తల దువ్వింది. మనుమరాండ్ల కాడ మాత్రం అవ్వ పంతం పట్టింది. ఒక్కదాన్ని కూడ చాట ముట్టనియ్యలేదు. ఆడుకుంట ఆకు పట్టుకున్నా చేతి మీద కొట్టేది. ఇయ్యాల ఆ పిల్లలల్ల ఒకామె నర్సు, ఒకామె బీఈడీ చదివింది, ఇంకొకామె డిగ్రీ చదువుతున్నది. ఈ ప్రసంగం రాసింది వాళ్లే. మేం చదువుతున్నం.

చట్టాల సంగతి కూడ ఒక మాట. బీడీ కార్మికులకు చట్టం 1966ల వచ్చింది. సంక్షేమ నిధి చట్టం 1976ల వచ్చింది. కాగితం మీద అన్నీ ఉన్నయి. గుర్తింపు కార్డు అవ్వ చేతికి వచ్చేసరికి మా పెద్దక్క పెండ్లి కూడ అయిపోయింది. ఆ కార్డు కోసం సంఘం ఆడోళ్లతోని కలిసి ఎన్నిసార్లు నిజామాబాద్ పోయిందో లెక్క లేదు. కార్డు వచ్చినంకనే చిన్న చెల్లెకు బీడీ కార్మికుల పిల్లల స్కాలర్‌షిప్ వచ్చింది. తర్వాత కాలంల బీడీ కట్ట మీద పుర్రె బొమ్మ వేయాలని ఢిల్లీల అనుకున్నప్పుడు, పని బందైతదని ఊరి ఆడోళ్లంత రోడ్డెక్కిండ్రు. అవ్వ కూడ పోయింది. ఆ రాత్రి దగ్గుకుంట మాతోని అన్నది: “బొమ్మ వద్దని కొట్లాడొచ్చిన. కని బీడీ మంచిదని నేనెవలకన్న చెప్తనా? ఇంకో పని చూపెట్టుమను, రేపే చాట పక్కకు పెడ్త.” ఇంకో పని ఎవ్వలూ చూపెట్టలేదు. వేళ్లు తిరుగుడు బందయ్యేదాక చాట పక్కకు పెట్టలేదు.

ఇగ ఉద్యమం సంగతి.

మా మేనమామ, అంటే అవ్వ తమ్ముడు, 1969ల నిజామాబాద్‌ల చదువుకుంటుండె. వాళ్లింట్ల కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్లగాడు ఆయనే. ఆ యేడు మొదట్ల ఖమ్మం జిల్లాల రాజుకున్న ఉద్యమం తెలంగాణ అంత అంటుకున్నది. పిల్లలు కాలేజీలు బందుపెట్టి రోడ్డెక్కిండ్రు. మామ కూడ పోయిండు. లాఠీ దెబ్బకు కాలు ఇరిగి ఇంటికి వచ్చిండు. అప్పుడు అవ్వ మా పెద్దక్కను కడుపుతోని ఉన్నది. నిండు నెలలతోని పుట్టింటికి పోయి, ఒక దిక్కు తమ్మునికి కాపడం పెట్టుకుంట ఇంకో దిక్కు నొప్పులు పట్టి అక్కడనే కన్నది. మామ కాలు సరిగ అతకలేదు. చదువు యేడాది పోయింది. మల్ల కాలేజీకి పోలేదు. పదేండ్లకు గల్ఫ్‌కు పోయిండు. కుంటుకుంటనే ఎడారిల పనిచేసిండు. 1969ల మూడు వందల అరవై తొమ్మిది మంది పాణాలిచ్చిండ్రని మనం చెప్పుకుంటం. మామ సావలేదు గనుక ఆ లెక్కల లేడు. కేసు కూడ లేదు గనుక ఇంకో లెక్కల కూడ లేడు.

1971ల ఓట్లొచ్చినయి. అవ్వకు ఓటు వేసుడు అదే మొదలు. తెలంగాణ ప్రజాసమితికి వేసింది. తమ్ముని కాలు యాదికి పెట్టుకొని వేసింది. పదిమంది ఎంపీలు గెలిచిండ్రు. యేడు తిరగకముందే పార్టీని తీసుకపోయి కాంగ్రెస్‌ల కలిపిండ్రు. అవ్వకు రాజకీయం తెల్వదు. కని ఆ ఒక్కటి జన్మల మరువలేదు. 2001ల మల్ల జెండా లేసినప్పుడు, కరీంనగర్ సింహగర్జనకు లారీలు పోతున్నయని పెద్దన్న తయారైతుంటే, వాకిట్ల నిలబడి అడిగింది: “వీళ్లు గూడ గెలిచినంక కల్సిపోరు గద?” మేం నవ్వినం. ఆమె నవ్వలేదు. ఆ మాట అడిగిన మనిషే మల్ల వెనుకకు తిరిగి, సద్ది మూట కట్టి అన్న చేతిల పెట్టింది. నమ్మకం లేకున్నా సద్ది కట్టింది. మా అవ్వ ఉద్యమం గట్ల మొదలైంది.

2009. మా పిల్లలల్ల పెద్దోడు, అవ్వ మొదటి మనుమడు, ఉస్మానియాల పీజీ చదువుతుండె. నవంబర్ 29 నాడు దీక్షకు బయలెల్లిన కేసీఆర్‌ను కరీంనగర్ కాడ అరెస్టు చేసిండ్రు. అదే నాడు శ్రీకాంతాచారి ఒంటికి మంటలంటుకున్న బొమ్మ టీవీల వచ్చింది. డిసెంబర్ 3 నాడు ఆ పిల్లగాడు పోయిండు. 9 నాడు రాత్రి రాష్ట్రం ఇస్తమని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. ఊరంత పటాకులు. 23 నాడు మాట మారింది. ఆ తర్వాత రోజులు మీకు యాదికి ఉన్నయి. పొద్దున పేపర్ తెరిస్తె ఏదో ఒక ఊరు పేరు, ఏదో ఒక పిల్లగాని పేరు. ఎక్కువమంది ఇరవై రెండు, ఇరవై మూడేండ్లోళ్లు. మా పిల్లగాడు ఫోను చేస్తే మాట సరిగ మాట్లాడకపోయేది. మేం భయపడ్డం గని ఏం చేయాలెనో తోచలేదు. పైకి మాత్రం మేం కూడ సభలల్ల త్యాగాలు, వీరమరణాలు అనే మాట్లాడుతున్నం. ఇది ఒప్పుకోవాలె.

అవ్వ 2010 జనవరిల, సంక్రాంతికి చేసిన సకినాలు సంచిల పోసుకొని, చిన్న చెల్లెను ఎంబడి పెట్టుకొని బస్సెక్కింది. అంతకుముందు పట్నం రెండుసార్లు పోయింది, రెండుసార్లూ దవాఖానకే. జేబీఎస్‌ల దిగి, అడుక్కుంట అడుక్కుంట ఉస్మానియా హాస్టల్ కాడికి పోయింది. హాస్టల్ ముందట పోలీసులు, లోపట పిల్లలు. పిల్లగాడు బయటకు వచ్చిండు, ఎంబడి ఇంకో ఐదారుగురు. చెట్టుకింద కూసోపెట్టి సకినాలు పెట్టింది. తిన్నదాక ఏమనలేదు. తిన్నంక ఒక్కొక్కల పేరడిగింది, ఊరడిగింది, అవ్వ పేరు అడిగింది. మా చెల్లె ఎంబడే ఉన్నది గనుక తర్వాత మాటలు మాకు తెలుసు.

“బిడ్డా, తెలంగాణ రావాలె. నా తమ్ముని కాలు పోయింది దానికోసమే. కని మీరెవ్వలు సచ్చి తేవద్దు. సచ్చినోడు లేసిరాడు. మీరు సస్తే మీ అవ్వ బతికి ఏం జేస్తది? నలభై యేండ్ల సంది అడుగుతున్నం, ఇంకో నాలుగేండ్లు అడుగుదాం. వచ్చిననాడు సూసేతందుకు మీరుండాలె. నా చేతిల చెయ్యి పెట్టుండ్రి” అన్నది. ఒక్కొక్కడు వచ్చి ఆ నల్లటి చేతిల చెయ్యి పెట్టిండ్రు. మా పిల్లగాడు కడకు పెట్టిండు. అప్పుడు ఏడ్సిండు. చాన సేపు ఏడ్సిండు.

ఆ పిల్లగాడు ఇయ్యాల ఇక్కడనే కూసోని ఉన్నడు. ఆ దినాలల్ల తన మనసుల ఏమున్నదో వాడు మాకు 2014 తర్వాతనే చెప్పిండు. “నాయనమ్మ ఆ వారం రాకపోతే నేనేమయ్యేటోన్నో నాకే తెల్వదు” అన్నడు. ఇంతకంటె ఎక్కువ చెప్పొద్దని వాడు మమ్ములను అడిగిండు. చెప్పం.

అవ్వ అంతటితోని ఇడవలేదు. వాళ్ల ఫోను నంబర్లన్ని చెల్లెతోని రాయించుకున్నది. రాత్రి తొమ్మిది కొట్టంగనే మా చేతికి ఆ కాగితమిచ్చి ఒక్కొక్కలకు ఫోను కలపమనేది. “తిన్నవా? ఏం కూర? పొద్దున ఫోను చేస్తవా?” గంతే. ఉద్యమం మాట ఉండకపోయేది. మెస్సులు మూతపడ్డ రోజులల్ల ఊర్లె ఇంటింటికి తిరిగి బియ్యం, పప్పు జమ చేసి పట్నం పంపింది. ఆ పిల్లలల్ల ఇద్దరు ఇయ్యాల సభకు వచ్చిండ్రు. ఒకాయన సర్కారు బడిల సార్, ఒకాయన ఆర్టీసీల పనిచేస్తడు. అందరు బతికి ఉన్నరు. అవ్వ చేతిల చెయ్యి పెట్టినోళ్లు అందరు బతికి ఉన్నరు.

కని అందరి ఇండ్లల్ల గట్ల కాలేదు. పక్క ఊర్లె ఒక తల్లి కొడుకు 2010ల పాణం తీసుకున్నడు. ఆ తల్లి పేరు, ఊరు చెప్పం. ఆమెను మల్ల బజార్ల పెట్టుడు మాకిష్టం లేదు. ఆ పదిరోజులు ఆ ఇంటికి లీడర్లొచ్చిండ్రు, కార్లొచ్చినయి, శాలువ కప్పిండ్రు, ఫొటోలు దిగిండ్రు. మేం కూడ పోయి నినాదాలిచ్చినం. తర్వాత ఆ వాకిట్లకు ఎవ్వలూ పోలేదు. అవ్వ పోయింది. ప్రతి యేడు ఆ తారీకు నాడు నడుసుకుంట పోయి, పొద్దంత ఆమె పక్కన కూసోని వచ్చేది. ఒకసారి మేం అడిగినం, ఏం మాట్లాడుతరు అని. “పిల్లగానికి ఏం కూర ఇష్టమో అడుగుత. చిన్నప్పుడు ఏం అల్లరి చేసిండో అడుగుత. ఆమె చెప్తది. అందరు వానిని అమరుడంటరు. వాని పేరు పెట్టి పిలిచేటోళ్లు లేరామెకు” అన్నది. ఈ మాట ఇన్ననాడు మేం తలకాయలు దించుకున్నం.

2011ల సకల జనుల సమ్మె. సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాక 42 రోజులు. మన ఊరి కాడ రోడ్డు మీద టెంటు వేసినం. పొద్దున మైకుల మాట్లాడేది మేం. మధ్యాహ్నం రోడ్డు మీద వంటా వార్పు అవ్వలది. బీడీలు చేసే ఆడోళ్లు చాటలు పట్టుకొచ్చి రోడ్డు మీదనే కూసోని బీడీలు చేసిండ్రు. సమ్మెల కూసుంటె కూలి పోతది, కూలి పోతే పొయ్యి లేవది. అందుకని సమ్మె, కూలి రెండూ ఒక్కకాడనే పెట్టిండ్రు. ఈ ఉపాయం మా అవ్వదే. సమ్మె నడుమనే బతుకమ్మ పండుగ వచ్చింది. ఆ యేడు సద్దుల బతుకమ్మ ఈ రోడ్డు మీదనే పేర్చిండ్రు. పోలీసులు వచ్చి మా పెద్దన్న పేరు రాసుకున్నరు, ఇంకో పదకొండు మంది పేర్లు రాసుకున్నరు. పొయ్యికాడ ఉన్న ముప్పై మంది ఆడోళ్ల పేర్లు ఒక్కటి రాసుకోలేదు. వాళ్ల కండ్లకు వాళ్లు వంటోళ్లు. మా అన్న మీద కేసు ఉన్నది. నంబరుతోని సహా ఉన్నది. ఆ 42 రోజులు అన్నకు, ఈ టెంటుకు అన్నం పెట్టిన మనిషికి నంబరు లేదు.

2014 ఫిబ్రవరి 18 నాడు లోక్‌సభల బిల్లు. ఊరంత మా ఇంట్ల టీవీ ముందట కూసున్నది. నడుమల టీవీల సభ చూపెట్టుడు ఆగిపోయింది. అవ్వ చటుక్కున లేసి, “కల్సిపోయిండ్రా ఏంది మల్ల?” అన్నది. ఇల్లంత నవ్వు. కొద్దిసేపటికి పాసైందని తెలిసింది. మేం బయటకు ఉరికినం. మల్ల లోపటికి వచ్చి సూస్తే అవ్వ ఫోను పట్టుకొని మామకు చెప్తున్నది. మామ అప్పటికి మంచంల ఉన్నడు. “వచ్చిందిరా తమ్ముడా. నీ కాలు ఊకెనే పోలేదు” అన్నది. మా ఇంట్ల తెలంగాణ వచ్చింది ఆ మాటతోని.

వచ్చినంక సంగతి తొందరగ చెప్పుకుందాం. 2015ల బీడీ చేసేటోళ్లకు నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలైంది. 2019ల 2,016 అయింది. అవ్వకు ముసలోళ్ల పింఛను వచ్చేది. అందుల నుంచి ఒక్క రూపాయి తనకని వాడుకోలేదు, మనుమరాండ్ల పుస్తకాలకే. కని పెద్ద కోడలు ఇరవై యేండ్లు బీడీలు చేసినా పీఎఫ్ కార్డు లేదని పింఛను రాలేదు. అవ్వ పింఛను తెచ్చుకున్ననాడు సగం కోడలి చేతిల పెట్టేది. “సర్కారు నీకియ్యకపోతే నేనిస్త” అనేది. చిన్నన్న 2004ల దుబాయ్ పోయిండు. తెలంగాణ వస్తే పిల్లలు దుబాయ్ పోరని మనం సభలల్ల చెప్పినం. అన్న ఇంక అక్కడనే ఉన్నడు. అవ్వ పోయిననాడు టికెట్ దొరకలేదు, సెలవు దొరకలేదు. ఫోనుల వీడియో పెట్టి సూపెట్టినం. పాడె లేపేటప్పుడు ఆ ఫోను పెద్దక్క చేతిల ఉండె. అందుల నుంచి అన్న ఏడుపు డప్పుల నడుమ కూడ ఇనబడ్డది.

ఆఖరి నెలలు అవ్వకు దమ్ము ఆడకపోయేది. ఎన్నో యేండ్లు పీల్చిన తంబాకు దుమ్ము. నర్సు మనుమరాలు సెలవు పెట్టి పక్కనే ఉన్నది. ఆ పిల్ల ముద్ద కలిపి చేతితోని తినిపిస్తే అవ్వ, “తియ్యగున్నదే నీ చెయ్యి” అన్నది. ఉత్త పప్పు, అన్నం అది.

ఇప్పుడు ఆ పెద్దమనిషి అడిగిన ప్రశ్నకు జవాబు. అవును, మా అవ్వ మీద కేసు లేదు. ఆమె జైలుకు పోలేదు. మైకు పట్టలేదు. ఆమె చేసిందల్ల బతికించుడు. తమ్ముణ్ణి బతికించింది. నలుగురు పిల్లలను బతికించింది. ఆరుగురు విద్యార్థులను బతికించింది. 42 రోజులు ఒక టెంటును బతికించింది. కొడుకు పోయిన ఒక తల్లిని యేడాదికొకసారన్న బతికించింది. సచ్చినోళ్ల లెక్క, జైలుకు పోయినోళ్ల లెక్క మనకాడ ఉన్నది, ఉండాలె కూడ. బతికించినోళ్ల లెక్క ఎక్కడ ఉన్నది? స్తూపం మీద వాళ్ల పేర్లు రాయమని మేం అడుగుత లేం. ఇడ్సిపెట్టొద్దని అడుగుతున్నం.

అందుకని ఈ సభల మూడు సంగతులు ముందట పెడుతున్నం. ఒకటి, ఈ ఊర్లె ఉద్యమానికి వండి పెట్టిన, పిల్లలను పట్నం నుంచి పదిలంగ తెచ్చుకున్న ప్రతి అవ్వ కాడికి పోయి, ఆమె నోటితోని చెప్పింది రాసిపెట్టాలె. వాళ్లల్ల చానమంది డెబ్బై దాటినోళ్లు. ఆలస్యమైతే అడిగేతందుకు మనిషి ఉండదు. మా మనుమరాండ్లు ఒక నోటుబుక్కు తెచ్చిండ్రు, మొదటి పేజీల అవ్వ పేరు రాసిండ్రు. రెండు, పక్క ఊరి తల్లి వాకిట్లకు ఇగనుంచి ఆ తారీకు నాడు అవ్వ బదులు మేం పోతం. జెండాలొద్దు, కెమెరాలొద్దు. వచ్చేటోళ్లు వట్టి చేతులతోని రాండ్రి, ఆ పిల్లగాణ్ణి పేరు పెట్టి యాది చేసుకుందాం. మూడు, ఇంట్ల కష్టమొచ్చిందని ఆడపిల్లను బడి మాన్పించే ఇల్లు ఉంటే మాకు చెప్పుండ్రి. అవ్వ పింఛను పైసలు ఇంక కొన్ని డబ్బాల ఉన్నయి. అవి దానికే. మా పెద్దక్కకు అవ్వ బాకీ గట్లన్న తీరుతది.

ఇక్కడున్న పిల్లలకు ఆఖరి మాట. నౌకరి రాకపోయినా, పరీక్ష పోయినా, మనసు విరిగినా, రాత్రి తొమ్మిదింటికి ఎవలకన్న ఒక్కలకు ఫోను చేయుండ్రి. మా ఇంటికే చేయుండ్రి. “తిన్నవా?” అని అడిగేతందుకు ఈ ఇంట్ల ఇంక మనుషులున్నం.

పెద్దక్క చాట ఇక్కడ తెచ్చి పెట్టింది, సూడుండ్రి. అండ్ల ఇయ్యాల తంబాకు లేదు, తంగేడు పూలున్నయి. అందరు ఒక్కొక్క పువ్వు తీసుకొని అవ్వ ఫొటో కాడ పెట్టి, అన్నం తిని పోవాలె. తినకుంట పోతే ఆమెకు కోపమొస్తది.

అవ్వా, నీకు జోహార్లు. జై తెలంగాణ.